యుద్ధంలో మామూలు జనాన్ని కాపాడటం, సంధి మాటలు: కాగితం దాటి నేల మీద ఏం జరుగుద్ది?

సివిక్స్ మేడం, ఒంగోలు

నమస్తే అండీ అందరికీ. మా డిగ్రీ పిల్లలకి డిబేట్ పెడుతున్నాం. అంశం "యుద్ధంలో పౌరుల్ని కాపాడేది చట్టమా, దౌత్యమా". సగం మంది అప్పుడే తీర్పు ఇచ్చేశారు, రెండూ ఉత్తవే, బలం ఉన్నోడిదే రాజ్యం అని. వాళ్లని తప్పు పట్టలేం, ఫోన్లో రోజూ చూస్తున్నది అదే. కానీ అట్టా వదిలేస్తే డిబేట్ రెండు నిమిషాల్లో అయిపోద్ది.

తెలిసినవాళ్లు చెప్పాల్సింది ఇవి. "మానవతా కారిడార్ తెరిచారు" అని వార్తల్లో వస్తది. తెరవడం అంటే ఎవరు ఎవరితో మాట్లాడతారు, కాగితం మీద ఏం రాసుకుంటారు, ఎక్కడ చెడిపోద్ది? సేఫ్ జోన్ అని ప్రకటిస్తే నిజంగా సేఫేనా? ఆసుపత్రి ఎక్కడుందో ముందే చెప్పినా బాంబు పడ్డ సందర్భాలు ఉన్నాయి కదా, మరి చెప్పి ఏం లాభం? చివరిగా, కాల్పులు ఆపాక మాటలా, మాటలు అయ్యాక కాల్పులు ఆపడమా?

ఊళ్ల పేర్లు, సంవత్సరాలు, అంకెలతో చెప్తే పిల్లలకి పని ఇవ్వొచ్చు. "ప్రపంచ శాంతి వర్ధిల్లాలి" టైపు మాటలు మా నోటీసు బోర్డు మీద ఇప్పటికే బోలెడు ఉన్నాయి.

---

పెన్నా ఒడ్డు, నెల్లూరు

మేడం, కారిడార్ సంగతి నేను చెప్తాను. అది గేటు తీసినట్టు తీసేది కాదు. ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా, ఈ రోడ్డు మీద, ఈ బండ్లు, ఇంతమంది అని రెండు పక్షాలూ ఒప్పుకున్న కాగితం. ఒక్క పక్షం ప్రకటిస్తే దాన్ని కారిడార్ అనకూడదు, పత్రికా ప్రకటన అనాలి.

కాగితంలో ఉండాల్సినవి చూడండి. బయల్దేరే చోటు, చేరే చోటు, మధ్యలో ప్రతి చెక్‌పోస్టు పేరు. టైము రాస్తే ఎవరి టైమో కూడా రాయాలి. 2022 మార్చిలో ఉక్రెయిన్ కారిడార్లకి రష్యా "మాస్కో టైము 10 గంటలకు" అని ప్రకటించేది. అది కీవ్‌లో 9 గంటలు. ఆ గంట తేడా రాసుకోకపోతే, కీవ్ టైము అనుకుని వచ్చిన చివరి బండి ఇంకా రోడ్డు మీద ఉండగానే అవతల గడువు అయిపోద్ది. తర్వాత బండ్ల నంబర్లు, డ్రైవర్ల పేర్లు, ముందు బండి ఏది, వెనక బండి ఏది, డీజిల్ ఎక్కడ పోయించుకోవాలి, చీకటి పడితే ఎక్కడ ఆగాలి, స్ట్రెచర్ మీద ఉన్నవాళ్లు ఎంతమంది. అన్నిటికన్నా ముఖ్యం, ఏదన్నా తేడా వస్తే ఇరువైపులా ఫోన్ ఎత్తే మనిషి ఎవరు.

చెడిపోయేది ఎక్కువగా మూడు చోట్ల. ఒకటి, రాజధానిలో ఒప్పుకున్న మాట చివరి చెక్‌పోస్టులో ఉన్న సిపాయికి అందదు. రెండు, రోడ్డు. 2022 మార్చి మొదటి వారంలో మారియుపోల్ నుంచి జనాన్ని తీసే ప్రయత్నాలు వరసగా విఫలమైనప్పుడు, చూపించిన దారిలో మందుపాతరలు ఉన్నాయని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ వాళ్లే బయటికి చెప్పారు. అంటే మ్యాపులో గీత గీశారు, రోడ్డు మీద ఎవరూ నడిచి చూడలేదు. మూడు, చేరే చోటు. అదే వారంలో రష్యా ప్రకటించిన కొన్ని కారిడార్లు రష్యాకీ బెలారస్‌కీ పోయేవి. ఉక్రెయిన్ ఒప్పుకోలేదు. బాంబులేసిన దేశంలోకే పోయి తలదాచుకోమంటే ఎవరు పోతారు?

మన పిల్లలకి దగ్గరగా ఉండే ఉదాహరణ ఉక్రెయిన్‌లోని సుమీ నగరం. అక్కడ ఇరుక్కున్న మన మెడికల్ విద్యార్థుల్ని మార్చి 7న బస్సులెక్కించి మళ్లీ దించేశారు. కాల్పులు ఆగినట్టు ఇరువైపుల నుంచీ ఖాయం కాలేదు. ఆరోజే మన ప్రధాని అటు పుతిన్‌తో, ఇటు జెలెన్‌స్కీతో మాట్లాడారు. మార్చి 8న 694 మంది పోల్తావా వైపు బస్సుల్లో కదిలారు. చట్టం మార్చి 7న ఎట్టా ఉందో 8న కూడా అట్టాగే ఉంది, మారింది ఫోన్లు. మీ డిబేట్‌లో దౌత్యం జట్టుకి ఇది మంచి ఆయుధం. అయితే చట్టం జట్టు కూడా ఒకటి అడగొచ్చు: ఫోన్ చేసే పెద్ద దేశం లేని సుమీ ముసలివాళ్ల సంగతేంది అని. అడగాలి కూడా.

ఇంకో లెక్క పిల్లల చేత చేయించండి. 10,000 మందిని తీయాలి. బస్సుకి 50 మంది, అంటే 200 బస్సులు. చెక్‌పోస్టులో ఒక్క వరస, బస్సుకి 10 నిమిషాల తనిఖీ. మొత్తం 2,000 నిమిషాలు, 33 గంటల పైమాట. కాల్పుల విరమణ 8 గంటలే ఇచ్చారు. ఆ 8 గంటల్లో దాటేది 48 బస్సులు, 2,400 మంది. మిగతా 7,600 మంది రోడ్డు మీద లైన్లో ఉండగా టైము అయిపోద్ది. టీవీలో "కారిడార్ విఫలం" అంటారు గానీ అది మొదట్నుంచీ లెక్క తప్పిన పని. తనిఖీ వరసలు నాలుగు కావాలనో, తనిఖీ చేరిన చోట చేద్దామనో మాట్లాడేవాడే ఇక్కడ అసలు దౌత్యవేత్త.

---

లా పాయింటు, నెల్లూరు

చట్టం వైపు నేను రాస్తాను.

పునాది 1949 ఆగస్టు 12 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలు. ప్రపంచంలో దాదాపు ప్రతి దేశమూ ఒప్పుకున్నవి. పౌరుల కోసం ప్రత్యేకంగా రాసింది నాలుగోది. మన దేశం 1950లోనే ఆమోదించి, 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసుకుంది. దాడులు ఎలా చేయాలి, ఎలా చేయకూడదు అన్న వివరమైన నియమాలు మాత్రం 1977 అదనపు ప్రోటోకాల్‌లో ఉన్నాయి. భారత్ అందులో చేరలేదు. అయినా వాటిలోని ప్రధాన సూత్రాలు ఆచారంగా స్థిరపడిన చట్టం కాబట్టి చేరని దేశాలకూ వర్తిస్తాయి. పిల్లలు ఈ తేడా పట్టుకుంటే న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు.

సూత్రాలు మన జిల్లా మీద పెట్టి చెప్తే తొందరగా అర్థమవుతాయి. ఊహ మాత్రమే, కంగారు పడకండి. పెన్నా మీద వంతెన ఉంది. దాని మీద రోజూ బస్సులు పోతుంటే అది పౌర వస్తువు. సైన్యం ట్యాంకులు దాటించడానికి వాడితే అది సైనిక లక్ష్యం కావచ్చు. కావచ్చు అన్నానంతే. అప్పుడు కూడా, వంతెన కూల్చితే వచ్చే సైనిక లాభం ఎంత, చనిపోయే జనం ఎంత అని దాడి చేసేవాడు ముందే తూచాలి. లాభాన్ని మించి జనానికి నష్టం జరిగేలా ఉంటే దాడి చట్టవిరుద్ధం. తూచి సరిపోయినా జనం తక్కువగా ఉండే వేళ చూసుకోవాలి, కుదిరితే హెచ్చరించాలి, తేడా కనబడితే చివరి నిమిషంలోనైనా ఆపాలి. ఊరిని కాపాడుకునేవాడికీ బాధ్యత ఉంది: బడి పక్కన ఫిరంగి పెట్టకూడదు. వాడు పెట్టాడు కదా అని వీడికి బడి మీద కొట్టే హక్కు రాదు. ఈ చివరి మాట టీవీ చర్చల్లో ఎవరూ చెప్పరు.

సోమశిల లాంటి ఆనకట్టలకు 1977 ప్రోటోకాల్‌లో విడిగా రక్షణ ఉంది. ఎందుకంటే గోడ పగిలితే దిగువన ఊళ్లు మిగలవు. నేలటూరు థర్మల్ ప్లాంట్ లాంటివి కొంచెం చిక్కు. కరెంటు సైన్యానికీ కావాలి, ఆసుపత్రికీ కావాలి. కరెంటు పోతే మంచినీళ్ల మోటార్లు ఆగుతాయి, డయాలసిస్ ఆగుతుంది, మురుగునీరు పంపు చేసేది ఆగి వారంలో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. బాంబుకి చచ్చినవాళ్లని లెక్కేస్తారు గానీ ఈ వరసలో పోయినవాళ్లు లెక్కలోకి రారు. తూచేటప్పుడు ఇవన్నీ తక్కెడలో వెయ్యాలన్నది ఇప్పుడు బలపడుతున్న వాదన.

ఇక "చెప్పినా కొట్టారు" అన్న ప్రశ్న. 2015 అక్టోబరు 3, ఆఫ్ఘనిస్తాన్‌లోని కుందూజ్. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ నడిపే ఆసుపత్రి. నాలుగు రోజుల ముందే జీపీఎస్ అంకెలు మళ్లీ పంపారు. అయినా అమెరికా ఏసీ-130 విమానం కాల్చింది, 42 మంది చనిపోయారు. తర్వాత అమెరికా సైన్యం విచారణలో బయటపడింది చదివితే, దుర్బుద్ధి కన్నా పద్ధతి కుప్పకూలడం ఎక్కువ కనిపిస్తుంది. అసలు లక్ష్యం వేరే భవనం. దాని అంకెలు కొడితే విమానంలోని పరికరం 300 మీటర్ల అవతలున్న ఖాళీ పొలాన్ని చూపించింది. దాంతో సిబ్బంది నోటిమాటగా విన్న పోలికలు చూసుకుని దగ్గర్లో కనిపించిన పెద్ద భవనం ఇదేననుకున్నారు. విమానం హడావిడిగా లేచింది, కొట్టకూడని చోట్ల జాబితా సిబ్బంది చేతిలో లేదు, సమాచార లింకు తెగిపోయింది. ఆసుపత్రి వాళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు, ఆ కబురు విమానం దాకా చేరేసరికి జరగాల్సింది జరిగిపోయింది. 16 మంది మీద శాఖాపరమైన చర్యలు తీసుకున్నారు. కోర్టు విచారణ జరగలేదన్నది ఆ సంస్థ ఫిర్యాదు, అందులో న్యాయం ఉంది.

మరి చెప్పి ఏం లాభం అంటే: అంకెలు ఇవ్వడం సగం పనే. ఇచ్చిన అంకె ట్రిగ్గర్ మీద వేలున్న మనిషి దాకా చేరిందని తిరిగి రసీదు రావాలి. ఆ రెండో సగం మీద ఒత్తిడి పెట్టడమే ఇప్పుడు సహాయ సంస్థల పోరాటం.

ఒక పిట్టకథ. నెల్లూరు ట్రంకు రోడ్డులో గానీ ఒంగోలులో గానీ మందుల షాపు బోర్డు, క్లినిక్ అద్దం, డాక్టరు గారి కారు మీద తెల్ల నేల మీద ఎర్ర శిలువ కనిపిస్తుంది చూడండి. 1960 చట్టం 12వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా అది వాడటం నేరం. ఆ చట్టంలో రాసిన జరిమానా 500 రూపాయల దాకా. ఆ గుర్తు మందులమ్మే గుర్తు కాదు, "దీన్ని కాల్చకు" అని సైనికుడికి చెప్పే గుర్తు. అందరూ వాడేస్తే దాని మాట ఎవరూ వినరు. పౌర రక్షణ దళాలకు వేరే గుర్తు ఉంది: నారింజ రంగు నేల మీద నీలం త్రిభుజం, మూడు భుజాలూ సమానం. పిల్లల్ని అడగండి, ఒక్కరికీ తెలిసి ఉండదు.

---

కనిగిరి నుంచి

పెన్నా ఒడ్డు అన్నా, బస్సుల లెక్క బాగుంది గానీ ఒక పక్కే చెప్పావు. కారిడార్ అనేది జనాన్ని కాపాడేదానికే కాదు, ఊరు ఖాళీ చేయించేదానికి కూడా వాడతారు. సిరియాలో హోమ్స్ పాత నగరం, 2014 ఫిబ్రవరి. నెలల తరబడి ముట్టడి, తిండి లేదు. ఐక్యరాజ్యసమితి, సిరియా రెడ్ క్రెసెంట్ కలిసి 1,400 మంది దాకా బయటికి తెచ్చారు. వచ్చినవాళ్లలో 15 నుంచి 55 ఏళ్ల మగవాళ్లని పక్కకి తీసి విచారణ అని పట్టి ఉంచారు. బయటికి వస్తే బిడ్డ ఏమవుతాడో తెలియని తల్లికి అది కారిడారా, వలా? "దారి ఇచ్చాం, అయినా పోలేదు, కాబట్టి లోపల ఉన్నోళ్లంతా శత్రువులే" అని ఆ తర్వాత కొట్టేదానికి కూడా ఇదే సాకు.

---

లా పాయింటు, నెల్లూరు

కనిగిరి తమ్ముడు అన్నది నిజం. చట్టంలో దీనికి జవాబుంది, అమలులో లేదు. నాలుగో జెనీవా ఒప్పందం 17వ అధికరణ ముట్టడిలో ఉన్న గాయపడినవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు, బాలింతల్ని బయటికి తీసే ఒప్పందాలకు "ప్రయత్నించాలి" అంటుంది. చేయాలి అనదు, అదీ దాని బలహీనత. 49వ అధికరణ ఆక్రమిత ప్రాంతం నుంచి జనాన్ని బలవంతంగా తరలించడాన్ని నిషేధిస్తుంది. పోనివాడు పౌరుడుగానే ఉంటాడు, వాడి రక్షణ ఎక్కడికీ పోదు. అందుకే మంచి ఒప్పందంలో నాలుగు మాటలు విడిగా రాయించుకుంటారు: పోవడం ఇష్టప్రకారం, తిరిగి వచ్చే హక్కు ఉంది, పోనివాళ్లకు తిండీ మందులూ లోపలికి వస్తాయి, తనిఖీలో పట్టుకున్నవాళ్ల పేర్లు రెడ్‌క్రాస్‌కు ఇస్తారు. చివరిది లేకుండా సంతకం పెట్టకూడదని నా అభిప్రాయం.

సేఫ్ జోన్ ప్రశ్న మిగిలింది. రెండు ఊళ్లు పక్కపక్కన పెట్టి చూడండి.

ఢాకా, 1971 డిసెంబరు. రెడ్‌క్రాస్ వాళ్లు ఇంటర్‌కాంటినెంటల్ హోటల్నీ హోలీ ఫ్యామిలీ ఆసుపత్రినీ తటస్థ స్థలాలుగా ప్రకటించారు, ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. చోటు చిన్నది, ఆయుధం ఉన్నవాడికి ప్రవేశం లేదు. డిసెంబరు 14న గవర్నరు భవనం మీద మన విమానాలు దాడి చేశాక తూర్పు పాకిస్తాన్ గవర్నరు ఏ.ఎం. మాలిక్ ఆ హోటల్‌కే వచ్చాడు, అదీ పదవికి రాజీనామా చేశాకే. పదవి మీద ఉన్నంతసేపు ఆయనకి అక్కడ చోటు లేదు కదా. ఆ నియమం అంత కచ్చితంగా ఉంది కాబట్టే ఆ చోటు నిలబడింది.

స్రెబ్రెనిత్సా, బోస్నియా. 1993 ఏప్రిల్‌లో భద్రతా మండలి 819వ తీర్మానంతో దాన్ని సురక్షిత ప్రాంతం అంది. చుట్టూ ఉన్న బోస్నియా సెర్బు సైన్యం మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది లేదు, లోపల ఆయుధాలు పూర్తిగా తీసిందీ లేదు. సురక్షిత ప్రాంతాలన్నిటినీ గట్టిగా కాపాడాలంటే దాదాపు 34,000 మంది సైనికులు అదనంగా కావాలని ఐక్యరాజ్యసమితి సైనికాధికారులు చెప్పారు. దేశాలు ఒప్పుకున్నది 7,600. 1995 జులై 11న ఊరు పడిపోయింది, 8,000 మందికి పైగా మగవాళ్లనీ మగపిల్లల్నీ చంపేశారు. ఒప్పందమూ లేక, బలమూ లేక, పేరు మాత్రమే ఉంటే ఆ పేరు నమ్మి వచ్చిన జనం ఒకేచోట పోగవుతారు. సేఫ్ జోన్ ప్రకటించకపోవడం కన్నా ఇది ఘోరం.

---

రేవు మనిషి, కృష్ణపట్నం

యుద్ధం ఆపకుండానే, శత్రువులు ఒకే కాగితం మీద సంతకం పెట్టకుండానే చేసుకున్న ఒప్పందం ఒకటి ఉంది. మన వంటింట్లోకి వచ్చింది కాబట్టి పిల్లలకి ఎక్కుద్ది. 2022 మార్చిలో పొద్దుతిరుగుడు నూనె ధర ఎట్టా ఎగిరిందో ఇంట్లో అమ్మని అడిగితే చెప్పుద్ది. అప్పట్లో మనకి ఆ నూనె ఎక్కువగా వచ్చేది ఉక్రెయిన్ నుంచి, అక్కడి రేవులు మూతబడ్డాయి. కృష్ణపట్నం దగ్గర నూనె శుద్ధి ఫ్యాక్టరీలు ఉన్నోళ్లకి ఇది బాగా తెలుసు.

2022 జులై 22న ఇస్తాంబుల్‌లో నల్లసముద్రం ధాన్యం ఒప్పందం. ఉక్రెయిన్, రష్యా ఒకే కాగితం మీద సంతకం పెట్టలేదు. ఇద్దరూ విడివిడిగా టర్కీ, ఐక్యరాజ్యసమితితో పెట్టారు. మర్నాడే ఒడెసా రేవు మీద క్షిపణులు పడ్డాయి. అందరూ అయిపోయిందన్నారు. ఆగస్టు 1న 26,000 టన్నుల మొక్కజొన్నతో రజోని అనే ఓడ బయల్దేరింది.

పని జరిగిన తీరు ఇది. మూడు రేవులు మాత్రమే: ఒడెసా, చోర్నోమోర్స్క్, యుజ్నీ. ఇస్తాంబుల్‌లో ఉమ్మడి ఆఫీసు, నాలుగు పక్షాల మనుషులు. పోయే ఓడలో ఆయుధాలు లేవని, వచ్చే ఓడలో ధాన్యమే ఉందని నలుగురూ కలిసి ఇస్తాంబుల్ దగ్గరి బోస్ఫరస్ జలసంధిలో ఓడెక్కి చూసేవాళ్లు. రేవుల దగ్గర నీళ్లలో మందుపాతరలు ఉన్నాయి. వాటిని తీయాలంటే నెలలు పడుద్ది, పైగా తీస్తే రష్యా నౌకాదళానికి దారి ఇచ్చినట్టే. అందుకని తీయకుండా, ఏ సందులో పోవాలో తెలిసిన ఉక్రెయిన్ పైలట్లు ఓడల్ని నడిపించుకొచ్చారు. దారికి ఇంత దూరంలోపు యుద్ధనౌక గానీ విమానం గానీ డ్రోన్ గానీ రాకూడదు. ఇవన్నీ ఉంటేనే బీమా కంపెనీ ఓడకి బీమా రాస్తది, బీమా లేని ఓడ కదలదు. శాంతి గురించి మాట్లాడేవాళ్లు బీమా గురించి మాట్లాడరు గానీ, సగం పని ఆడనే.

ఏడాదిలో దాదాపు 3.3 కోట్ల టన్నులు బయటికొచ్చాయి. 2023 జులై 17న రష్యా బయటికి పోయింది. కారణాలు కూడా పిల్లలకి చెప్పండి. మా ఎరువులు, ధాన్యం ఎగుమతికి ఇచ్చిన మాట నిలబెట్టలేదు, మా వ్యవసాయ బ్యాంకుని స్విఫ్ట్‌లోకి (దేశాల మధ్య బ్యాంకు చెల్లింపుల వ్యవస్థ) తిరిగి తీసుకోలేదు, అమ్మోనియా పైపులైను తెరవలేదు అన్నది రష్యా వాదన. దానికితోడు ఒప్పందం గడువు మొదట 120 రోజులు, తర్వాత ఇంకో 120, ఆ తర్వాత 60, మళ్లీ 60. గడువు దగ్గర పడ్డప్పుడల్లా బేరం మళ్లీ మొదటికి. గడువు పొట్టిగా పెడితే, బయటికి పోతానని బెదిరించేవాడికి ప్రతిసారీ కొత్త బలం వస్తది.

---

సివిక్స్ మేడం, ఒంగోలు

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఎర్ర శిలువ సంగతి మా కాలేజీ ఫస్ట్ ఎయిడ్ పెట్టె మీదే ఉంది, పొద్దున చూశాను! ఇంకా కాల్పుల విరమణ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. అట్టాగే లోపలే ఉండిపోయిన జనానికి ఎంత తిండి, ఎన్ని నీళ్లు కావాలో అంకెలు ఇస్తే, ముట్టడి మీద ఒక ఎక్సర్‌సైజు తయారు చేస్తాను.

---

చీమకుర్తి రాయి

కాల్పుల విరమణ గురించి. మేడం, "ముందు ఏది" అన్నదానికి ఒకే జవాబు లేదు గానీ, కాగితంలో ఏం లేకపోతే కూలిపోద్దో మాత్రం చెప్పొచ్చు.

మిన్‌స్క్ రెండో ఒప్పందం, 2015 ఫిబ్రవరి 12. తూర్పు ఉక్రెయిన్‌లో ఉక్రెయిన్ సైన్యానికీ, రష్యా అండ ఉన్న వేర్పాటువాదులకీ మధ్య పోరు ఆపేదానికి. వివరాలకి కొదవ లేదు. 100 మిల్లీమీటర్లు దాటిన ఫిరంగులు ఇరువైపులా వెనక్కి తీసి మధ్యలో 50 కిలోమీటర్ల జాగా ఉంచాలి, రాకెట్ లాంచర్లకి 70, పెద్ద రాకెట్లకి 140. కాల్పులు ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ఆగాలి. కానీ దెబాల్త్సెవె అనే రైల్వే జంక్షన్ గీతకి ఏ పక్క వస్తదో తేల్చలేదు. ఇరువైపులా మాదే అనుకున్నారు. కాల్పులు ఆగాల్సిన టైము దాటాక మూడు రోజులకి, 18న, వేర్పాటువాదులు యుద్ధం చేసే ఆ ఊరు తీసుకున్నారు. ఇంకో లోపం, పరిశీలకులు భద్రత కారణంగా ఎక్కువగా పగలే తిరిగేవాళ్లు. దాంతో కాల్పులు రాత్రికి మారాయి. తర్వాత కెమెరాలు పెట్టారు గానీ, కెమెరా ఎవరు కాల్చారో చూపిస్తది, ఆపలేదు. రాజకీయ అంశాల్లో ముందు ఎన్నికలా, ముందు సరిహద్దు అప్పగింతా అన్న వరస మీద ఇరువైపులా ఏడేళ్లు లాగారు.

దానికి పూర్తిగా వేరే రకం 1996 ఏప్రిల్ 26 నాటి ఒప్పందం, ఇజ్రాయెల్‌కీ లెబనాన్‌లోని హిజ్బుల్లాకీ మధ్య. అంతకు వారం ముందు కానాలో ఐక్యరాజ్యసమితి శిబిరం మీద ఫిరంగి గుళ్లు పడి, తలదాచుకున్న 100 మందికి పైగా పౌరులు పోయారు. ఆ ఒప్పందం యుద్ధం ఆపమనలేదు. ఇరువైపులా సైనికులు కొట్టుకోవచ్చు, జనం జోలికి మాత్రం పోకూడదు, జనం ఉండే చోట నుంచి దాడి చేయకూడదు, అంతే. అమెరికా, ఫ్రాన్స్, సిరియా, లెబనాన్, ఇజ్రాయెల్ ప్రతినిధులు లెబనాన్‌లోని నకూరాలో కూర్చుని ఫిర్యాదులు వినేవాళ్లు. లోపాలు చాలా ఉన్నాయి. అయినా 2000లో ఇజ్రాయెల్ వెనక్కి పోయేదాకా, ఏదన్నా జరిగితే పోయి చెప్పుకునే బల్ల ఒకటి ఉండేది. శాంతి కుదరనప్పుడు ఈ మాత్రమన్నా కుదుర్చుకోవడం చేతకానితనం కాదని నేనంటా.

మన దగ్గరా ఇట్టాంటి చప్పుడు చేయని ఏర్పాట్లు ఉన్నాయి. భారత్, పాకిస్తాన్ అణు కేంద్రాల మీద పరస్పరం దాడి చేసుకోకూడదని 1988 డిసెంబరు 31న సంతకాలు పెట్టుకున్నాయి. 1992 నుంచి ప్రతి జనవరి 1న కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాతా మానలేదు, ముంబై దాడుల తర్వాతా మానలేదు. అదే రోజు, మళ్లీ జులై 1న, జైళ్లలో ఉన్న ఖైదీలు, జాలర్ల పేర్ల జాబితాలు. గీత దాటి పట్టుబడిన జాలరి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లకి ఖాయంగా తెలిసేది ఆ జాబితాలోనే. ఇంక రెండు సైన్యాల్లో కార్యకలాపాలు చూసే పెద్ద అధికారులు, అంటే డీజీఎంఓల హాట్‌లైన్. 2021 ఫిబ్రవరి 25న ప్రకటించిన విరమణ ఆ లైను మీద కుదిరిందే. 2025 మే 10న మధ్యాహ్నం 3:35కి పాకిస్తాన్ డీజీఎంఓ ఫోన్, సాయంత్రం 5 నుంచి కాల్పులు బంద్. ఆ రాత్రికి మళ్లీ ఉల్లంఘనలు జరిగాయి, తర్వాత సద్దుమణిగాయి. కోపంగా ఉన్నప్పుడు కూడా లైను తెంపకపోవడం ఒక నిర్ణయం. ఫోన్ ఎత్తితే లొంగిపోయినట్టే అనుకునేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు, మన ఊళ్లోనూ ఉన్నారు.

---

పెన్నా ఒడ్డు, నెల్లూరు

ముట్టడి లెక్క నేనిస్తా. లక్ష మంది ఊరు అనుకోండి. ఇవి సహాయ సంస్థలు వాడే స్ఫియర్ ప్రమాణాలు.

నీళ్లు మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు, తాగటానికి, వంటకి, ఒళ్లు కడుక్కోటానికి కలిపి. లక్ష మందికి 15 లక్షల లీటర్లు, అంటే 10,000 లీటర్ల ట్యాంకర్లు 150. రోజూ! అందుకే నీళ్లు లోపలికి మోయరు. లోపల ఉన్న మోటారుకి డీజిల్, క్లోరిన్, స్పేర్ పార్టులు పంపే అనుమతి కోసం మాట్లాడతారు. పంపు చోట్ల కాల్చొద్దని ఇరువైపులా ఒప్పించి, రిపేరు వాళ్లు పోయేదానికి టైము అడగటం రెడ్‌క్రాస్ చేసే పనుల్లో పెద్దది. డీజిల్ సైన్యం లాక్కుంటదని అవతలివాడు అడ్డం పడతాడు, గొడవంతా అక్కడే. కొళాయి దగ్గర నీళ్లలో క్లోరిన్ లీటరుకి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు మిగిలుండాలి. కొళాయికి 250 మంది దాటకూడదు. మరుగుదొడ్డి 20 మందికి ఒకటి.

తిండి మనిషికి రోజుకి 2,100 కేలరీలు. బియ్యం 400 గ్రాములు, పప్పు 60, నూనె 25, ఉప్పు 5, పిల్లలకి బలవర్ధక పిండి, కాస్త చక్కెర. లక్ష మందికి బియ్యమే 40 టన్నులు. మన పుట్టి 850 కిలోల లెక్కన రోజుకి 47 పుట్లు. పప్పు 6 టన్నులు, నూనె రెండున్నర టన్నులు, అన్నీ కలిపి 50 టన్నుల పైన. పది టన్నుల లారీలు ఐదారు. పెద్ద కష్టమేం కాదు, ఒక మిల్లు ముందు ఉదయం నిలబడే లారీలు అన్ని ఉంటాయి. కాబట్టి ఊరు పస్తుంటోందంటే లారీలు లేక కాదు, ఎవరో ఆపబట్టి. జనాన్ని ఆకలితో మాడ్చి యుద్ధం చేయడాన్ని 2018లో భద్రతా మండలి 2417వ తీర్మానంలో ఖండించింది.

ఎక్సర్‌సైజు ఇట్టా పెట్టండి. రెండు పక్షాలు, ఒక రెడ్‌క్రాస్ జట్టు, ఒక మునిసిపల్ జట్టు. ప్రతి జట్టుకి ఒక రహస్య చీటీ. ముట్టడి పక్షం చీటీలో "లారీల్లో ఆయుధాలు పోతాయని మా జనరల్ అనుమానం, తనిఖీ లేకుండా ఒప్పుకోవద్దు". లోపలి పక్షానికి "జనం అంతా పోతే మరుసటి రోజే ఊరు నేలమట్టం చేస్తారని భయం". మునిసిపల్ జట్టుకి "డీజిల్ రెండు రోజులకే ఉంది, ఈ సంగతి బయటపడితే బేరం పోద్ది". నలభై నిమిషాల్లో ఒక పేజీ ఒప్పందం రాయాలి. తర్వాత, గదిలో లేని ఒక కుర్రాడిని పిలిచి చెక్‌పోస్టు సిపాయి వేషం ఇచ్చి, ఆ పేజీ మాత్రమే చదివించండి. మొదటి లారీ వచ్చింది, నంబరు జాబితాలో లేదు, డ్రైవరు మారాడు. వాడు ఏం చేయాలో ఆ పేజీలో దొరకాలి.

---

రేవు మనిషి, కృష్ణపట్నం

లారీ లెక్కకి ఒక సవరణ. పది టన్నులు మంచి రోడ్డు మీద. వంతెన దెబ్బతింటే బరువు తగ్గించి పంపాలి, తనిఖీలో బస్తాలు దించి మళ్లీ ఎక్కించాలి. 50 కిలోల బస్తాలు లారీకి 200, దించి ఎక్కించేదానికి పదిమంది హమాలీలున్నా రెండు గంటల పైనే. ఆ హమాలీల పేర్లు కూడా జాబితాలో రాయించండి, లేకపోతే సిపాయి వాళ్లని గేటు దాటనివ్వడు.